మనలో మన మాట: ‘ఊకో’ అనకమ్మా!

పోయిన డిసెంబరులో రావిర్యాల వెళ్ళాను. మా చిన్ననాటి స్నేహితురాలు అక్కడే ఉంటోంది. ఒకప్పుడు చెరువు, చేలు తప్ప ఇంకేముంది అనుకున్న ఊరు. ఇప్పుడు ఔటర్ రింగురోడ్డు వచ్చింది. 2016లో వండర్‌లా తెరిచాక సెలవురోజు వస్తే చాలు కార్లే కార్లు. ఊరెంత మారినా మా స్నేహితురాలి వాడలో ఒక అలవాటు మాత్రం మారలేదు. పండగ ఎవరిదైనా అరిసెలు అందరూ కలిసే వత్తుతారు. క్రిస్మస్‌కి ఒకరింట్లో, సంక్రాంతికి ఇంకొకరింట్లో. ఒకరు పాకం చూస్తారు, ఒకరు వత్తుతారు, ఒకరు నూనె పిండుతారు. చేతులకు పని ఉంటే నోళ్ళకు సెలవుండదు కదా!

ఆ రోజు మాట క్యారల్స్ మీదికి పోయింది. క్రిస్మస్ ముందు రాత్రిళ్ళు పిల్లలూ పెద్దలూ ఇంటింటికీ తిరిగి పాటలు పాడతారు, మీకు తెలుసు. ఒక తల్లి అంది: “మా బిడ్డకు పన్నెండేండ్లు. రాత్రి పన్నెండు దాక తిరుగుతరు. వద్దంటే ఏడుస్తది. పంపితే నాకు నిద్రబట్టది. ఎవరు చూసుకుంటరు వీళ్ళను?” ఇంకో ఆవిడ వెంటనే, “అయ్యగారుంటరు, సంఘం పెద్దలుంటరు. దేవుని పనికి పోతే భయమెందుకు?” అంది.

అప్పటిదాకా మాట్లాడకుండా అరిసెలు పిండుతున్న ఒకామె తలెత్తకుండానే అంది: “నేను గూడ దేవుని పనికే పోయిన. పదకొండేండ్లప్పుడు. ఇంటికొచ్చి చెప్తె మా అమ్మ ఊకో అన్నది.”

అంతే. ఇంకెవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఎవరో పాకం ముదిరిపోతోందని అరిచారు, మాట మారిపోయింది. అందరూ వెళ్ళాక ఆమె మాత్రం గిన్నెలు తోమే నెపంతో ఉండిపోయింది. ఊరు ఇది కాదు, చాలా దూరం. ఆ మనిషి అక్కడ సంఘంలో పెద్ద, పిల్లలకు పాటలు నేర్పేవాడు. చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పేసింది. చివర ఒక్కటి చెప్పింది, అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. “ఆయన సచ్చిపోయినప్పుడు చర్చి నిండ జనం ఏడ్చిండ్రు. నేను గూడ నిలబడి పాట పాడిన.”

పేరు, ఊరు చెప్పకుండా రాస్తానంటే సరేనంది. అందుకే ఈ వారం వంటింటి కబుర్లు పక్కన పెట్టి ఈ మాట.

ఒక్క మతం సంగతి కాదు

క్రైస్తవ పాఠకురాళ్ళు నొచ్చుకోవద్దు. మిగిలినవాళ్ళు “మాకేం సంబంధం” అనుకోనూ వద్దు. గుడి, బడి, మదరసా, హాస్టలు, ట్యూషను, అన్నిటికంటే ముందు సొంత ఇల్లు: నమ్మకం ఎక్కడుంటే అక్కడే ఈ దొంగతనం. కేంద్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల పిల్లల్ని అడిగితే సగానికి పైగా, అంటే 53 శాతం మంది, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళే, పిల్లలు నమ్మినవాళ్ళే. ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ ఉన్నారు. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరి చర్చి గురించే ఎందుకు? ప్రశ్న అక్కడినుంచి వచ్చింది గనుక. చర్చి అంటే చాలామంది ఆడవాళ్ళకు ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు. కష్టం చెప్పుకునే చోటు అది. భర్త తాగొచ్చి కొడితే అయ్యగారి దగ్గరకు పోతారు. పిల్లకు జ్వరమొస్తే ప్రార్థన చేయించుకుంటారు. సండే స్కూలు, వేసవిలో వీబీఎస్, యువజన కూడికలు, ఉపవాస ప్రార్థనలు అన్నీ అక్కడే. బడి సీటు, హాస్టలు సీటు, ఉద్యోగం సిఫారసు కూడా చాలా ఊళ్ళలో ఆ గుమ్మంలోనే. అంత ఆసరా ఇచ్చే చోట చెయ్యి జారితే, పడేది ఒళ్ళు మాత్రమే కాదు. దేవుడి మీద నమ్మకం కూడా పడిపోతుంది. ఆ పిల్లకు కన్నీళ్ళు చెప్పుకునే చోటే లేకుండా పోతుంది.

నోరు మూయించే మాటలు కూడా అక్కడ ప్రత్యేకంగా ఉంటాయి. “దైవసేవకుడి మీద మాటనకూడదు.” “క్షమించమని ప్రభువే చెప్పాడు కదా.” “బయటికి పొక్కితే అన్యులు నవ్వుతారు, సంఘం చెడిపోతుంది.” ఈ మూడో మాటలో కొంత నిజమైన భయం ఉంది. తక్కువమంది ఉన్న చోట ఒకరి తప్పు అందరి మీదా రుద్దుతారు. అది అన్యాయమే. కానీ ఆ అన్యాయానికి ఖరీదు పదకొండేళ్ళ పిల్ల చేత కట్టించడం ఇంకా పెద్ద అన్యాయం కాదంటారా?

దాస్తే ఏమవుతుందో లోకం చూసింది

అమెరికాలో బోస్టన్ గ్లోబ్ పత్రిక 2002లో వరసగా కథనాలు రాసింది. పిల్లల్ని పాడుచేసిన గురువుల్ని కతోలిక అధికారులు పోలీసులకు అప్పగించకుండా ఒక విచారణ నుంచి ఇంకో విచారణకు బదిలీ చేస్తూ వచ్చారని బయటపెట్టింది. (గురువుగారి కింద ఉండే చర్చి పరిధిని కతోలికులు విచారణ అంటారు.) కొత్త ఊళ్ళో కొత్త పిల్లలు దొరికేవాళ్ళు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2013లో ఒక రాయల్ కమిషన్ వేసి, ఐదేళ్ళపాటు బళ్ళు, అనాథాశ్రమాలు, చర్చిలు అన్నిట్లో జరిగింది విచారించింది. ఎనిమిది వేలమందికి పైగా వచ్చి గది తలుపులు వేసుకుని తమ చిన్నతనం గురించి చెప్పారు. చాలామందికి అప్పటికి జుట్టు నెరిసింది.

ఇది కతోలికుల గొడవేనని ప్రొటెస్టెంట్లు చేతులు దులుపుకోవడానికీ లేదు. ఇంగ్లండులో జాన్ స్మిత్ అనే లాయరు క్రైస్తవ యువజన శిబిరాల్లో మగపిల్లల్ని ఘోరంగా హింసించాడు. 1982లోనే కొందరు పెద్దలు విచారించి నివేదిక రాశారు. రాసి దాచారు. అతను జింబాబ్వే వెళ్ళి అక్కడా శిబిరాలు పెట్టాడు. 2018లో శిక్ష పడకుండానే చనిపోయాడు. 2024 నవంబరులో స్వతంత్ర నివేదిక వచ్చాక, తెలిసీ గట్టిగా వెంటపడలేదన్న నింద మీద ఆంగ్లికన్ల పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా చేశారు.

మద్రాసులో పుట్టి ప్రపంచమంతా తిరిగి బోధించిన రవి జకరయాస్ పేరు మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. 2017లో కెనడాకు చెందిన ఒకావిడ ఆయన మీద ఫిర్యాదు చేస్తే ఆయన సంస్థ ఆమెను నమ్మలేదు. ఆమె మీదే దావా పడింది. ఆయన 2020 మేలో చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో ఆ సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక వచ్చింది. ఎందరో స్త్రీల పట్ల ఆయన లైంగికంగా తప్పుగా ప్రవర్తించాడని తేల్చింది. సంస్థ పెద్దలు అప్పుడు క్షమాపణ చెప్పారు. నాలుగేళ్ళు ఆ ఇల్లాలు మోసిన నిందను ఎవరు తిరిగి తీసుకుంటారు?

మన పక్కన కేరళకు రండి. కొట్టియూరులో పదహారేళ్ళ పిల్లను గర్భవతిని చేసిన గురువుకు 2019లో కోర్టు ఇరవై ఏళ్ళ శిక్ష వేసింది. తర్వాత హైకోర్టు దాన్ని పదేళ్ళకు తగ్గించింది. ఆ కేసులో మొదట నేరాన్ని ఆ పిల్ల కన్నతండ్రి మీద వేసుకునేలా చేశారంటే, ఆ ఇంటిమీద ఎంత ఒత్తిడి ఉందో ఊహించండి. 2018లో ఒక సన్యాసిని జలంధర్ బిషప్ మీద పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఆయన్ని అరెస్టు చేశారు. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు నిర్దోషి అంది. ఆ తీర్పు మీద హైకోర్టులో అప్పీలు వేశారు. తప్పొప్పులు తేల్చాల్సింది కోర్టులే, మనం కాదు. కానీ ఒక్క సంగతి మాత్రం మనం చూడాలి. ఆ ఫిర్యాదు మీద విచారణ కదలాలని ఐదుగురు తోటి సన్యాసినులు కొచ్చిలో రోడ్డు మీద టెంటు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. చెప్పుకోవడానికి ఇంట్లోనే ఒక చోటుంటే ఎవరైనా రోడ్డెక్కుతారా?

తామారు కథ మీ చర్చిలో ఎప్పుడైనా చెప్పారా?

బైబిలులో దావీదు మహారాజు కూతురు తామారు. అన్న వరసవాడైన అమ్నోను జబ్బు నటిస్తాడు. వంట చేసిపెట్టమని పిలిపిస్తాడు. ఆ పిల్ల పిండి కలిపి రొట్టెలు చేసి తీసుకెళుతుంది. గదిలో అందర్నీ పంపేసి ఆమెను చెరుస్తాడు. ఆమె వద్దంటుంది, బతిమాలుతుంది, బయటికొచ్చి గట్టిగా ఏడుస్తుంది. సొంత అన్న అబ్షాలోము ఏమన్నాడు? ఊరుకోమన్నాడు. తండ్రి ఏం చేశాడు? కోపం తెచ్చుకున్నాడు, అంతే. తర్వాత ఆ ఇల్లు ఎంతలా నెత్తురు కళ్ళ చూసిందో చదివినవాళ్ళకు తెలుసు.

ఈ కథ గ్రంథంలో దాచలేదు. రాజుగారి పరువు పోతుందని తీసెయ్యలేదు. కతోలికుల బైబిలులో సూసన్న కథ కూడా ఉంది. ఇద్దరు పెద్దమనుషులు ఆమె మీదే నిందవేస్తే, పెద్దలు చెప్పారు గనుక జనం నమ్మేశారు. కుర్రవాడైన దానియేలు ఆ ఇద్దర్నీ విడివిడిగా అడిగాడు, అబద్ధం బయటపడింది. అంటే పెద్దరికం చూసి కాదు, విచారించి తేల్చమని కదా ఆ కథ చెబుతున్నది. మరి ఇన్ని ఆదివారాలు ప్రసంగాలు విన్నాం. ఈ రెండు కథలు ఎన్నిసార్లు విన్నాం?

చట్టం ఏమంటుందో తెలుసుకుందాం

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. మన వంటింటి భాషలో చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

ఒకటి: పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ. సంస్థకు పెద్దగా ఉన్నవారు తన కింది మనిషి చేసింది దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. అయ్యగార్లకు, గురువులకు, సంఘ పెద్దలకు అంటూ అందులో మినహాయింపు రాయలేదు. మంచి మనసుతో చెప్పినవాళ్ళ మీద కేసు పెట్టడానికి వీల్లేదు.

రెండు: మత సంస్థలో పనిచేసేవాడు, దాన్ని నడిపేవాడు ఆ సంస్థలోని పిల్ల మీద అఘాయిత్యం చేస్తే చట్టం దాన్ని మామూలు నేరంగా కాదు, ఇంకా తీవ్రమైనదిగా చూస్తుంది. 2019 సవరణ తర్వాత అత్యాచారానికి ఇరవై ఏళ్ళకు తక్కువ కాని శిక్ష.

మూడు: పిల్లను స్టేషను చుట్టూ తిప్పక్కర్లేదు. ఇంటి దగ్గరే, లేదా పిల్ల కోరిన చోటే వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని ఆడ అధికారే రావాలి. యూనిఫాం వేసుకుని రాకూడదు. ఆడపిల్లకు పరీక్ష ఆడ డాక్టరే చెయ్యాలి, తల్లో పిల్ల నమ్మినవాళ్ళో పక్కన ఉండవచ్చు.

నాలుగు: పిల్ల పేరు, బడి, ఇల్లు ఎవరూ బయటపెట్టకూడదు. పత్రికలే కాదు, మన వాట్సాప్ గ్రూపులూ అందులోకే వస్తాయి. “ఫలానా వారి అమ్మాయి కోసం ప్రార్థించండి” అని పేరు పెట్టి పంపే మెసేజీ కూడా గాయమే. ప్రార్థన పేరు లేకుండానూ చేసుకోవచ్చు.

ఐదు: పెద్దయ్యాకైనా చెప్పవచ్చు. చిన్నప్పుడు జరిగిన నేరాన్ని ఏ వయసులోనైనా ఫిర్యాదు చెయ్యవచ్చని కేంద్రం 2018లో స్పష్టం చేసింది. అయితే చట్టం రాకముందు జరిగినవాటికి అప్పటి చట్టాలే వర్తిస్తాయి, కనుక లాయరు సలహా అవసరం. న్యాయసేవల సంస్థ నంబరు 15100కు చేస్తే ఉచితంగా సాయం చేస్తారు.

పెద్దవాళ్ళ సంగతీ ఉంది. నమ్మకంతో, అధికారంతో ఉన్న మనిషి స్త్రీని చెరిస్తే చట్టం ఎక్కువ శిక్షే చెబుతుంది. చర్చి ఆఫీసులో, ఆసుపత్రిలో, బడిలో పనిచేసే ఆడవాళ్ళకు 2013 నాటి పని స్థల వేధింపుల చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి, దానికి పెద్ద స్త్రీయే కావాలి. అంతకంటే చిన్న చోట్లకు జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. భారత కతోలిక బిషపుల సమాఖ్య 2017లో దీనిమీద తమ సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పోప్ ఫ్రాన్సిస్ 2019లో, ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో ఉండాలని నియమం పెట్టారు. ఈ కేసులకు అంతకుముందున్న రహస్య నియమాన్ని ఆ ఏడాది డిసెంబరులో ఎత్తేశారు. కాగితం మీద ఉన్నది మీ ఊరి విచారణ దాకా వచ్చిందా అని అడగడం మన వంతు.

పిల్ల వచ్చి చెబితే

ముందు స్టవ్ ఆపండి. కూర్చోండి. “నిజమేనా?” అన్న మాట నోట రానివ్వకండి. “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అనీ వద్దు. మూడు మాటలు చాలు: “చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. నేనున్నాను.”

గుచ్చి గుచ్చి అడగకండి. పిల్ల తన మాటల్లో చెప్పింది చెప్పినట్టే, తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. “ఎవరికీ చెప్పనులే” అని మాట ఇవ్వకండి, అది నిలబెట్టుకోలేరు. “నిన్ను కాపాడేవాళ్ళకు మాత్రమే చెబుతాను” అనండి. ఆవేశంతో ఆ మనిషి ఇంటిమీదికి పోకండి. అయ్యగారి దగ్గర పంచాయతీ పెట్టించకండి. సాక్ష్యం చెరిగిపోయేది, బేరాలు మొదలయ్యేది అక్కడే.

జరిగి ఎక్కువసేపు కాకపోతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా, ఆ బట్టలు ప్లాస్టిక్ కవరులో కాక కాగితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మూడు రోజుల లోపల వెళితే సాక్ష్యానికీ, గర్భం రాకుండా మందుకూ మంచిది. ఆలస్యమైనా సరే, వెళ్ళడం మానకండి. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి, ముందు పోలీసు కాగితం తెమ్మనకూడదు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, “మా పరిధి కాదు” అని పంపెయ్యకూడదు.

ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించుకోండి: పిల్లలకు 1098, స్త్రీలకు 181, పోలీసులకు 112, మనసు కుంగితే 14416. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, సలహా, న్యాయసాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి.

చర్చి ఏం చెయ్యగలదు?

చాలా చెయ్యగలదు. డబ్బు కంటే మనసు కావాలి. మీ స్త్రీల సమాజం తరఫున సంఘ పెద్దల్ని ఇవి అడగండి.

పిల్లలతో పెద్దవాళ్ళు ఒక్కరే మూసిన గదిలో ఉండకూడదు. సండే స్కూల్లో, పాటల తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, అందులో ఒకరు స్త్రీ. ప్రార్థనకైనా, సలహాకైనా తలుపు తెరిచి ఉండాలి, లేదా తలుపుకు అద్దం ఉండాలి. పిల్లను బండి మీద ఒంటరిగా దింపడం వద్దు. రాత్రి క్యారల్స్‌కు వెళ్ళే పిల్లల పేర్లు రాసుకుని, ఎవరిని ఎవరి చేతికి అప్పగించారో చూడాలి. ఇవి ఎవర్నీ అనుమానించడం కాదు. పాలమీద మూత పెడతాం, పిల్లి మీద కోపంతోనా?

కొత్తగా పాస్టరునో, వార్డెన్‌నో తీసుకునేటప్పుడు పాత ఊళ్ళో విచారించాలి. ఫిర్యాదు వస్తే ఆ మనిషిని విచారణ తేలేదాకా పిల్లల పని నుంచి, వేదిక నుంచి పక్కన పెట్టాలి. ఇది శిక్ష కాదు, జాగ్రత్త. బదిలీ మాత్రం చెయ్యకూడదు. పోలీసుల పని పోలీసులకు వదిలి, చర్చి లోపలి విచారణకు బయటి మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్ళను పెట్టాలి. నిందపడిన మనిషి బంధువులు, జీతగాళ్ళు ఆ కమిటీలో ఉంటే అది కమిటీ కాదు.

నిర్ణయాలు చేసే బల్ల దగ్గర ఆడవాళ్ళుండాలి. దక్షిణ ఇండియా సంఘం 2013లో నంద్యాల మేత్రాసనానికి పుష్పలలితగారిని మొదటి మహిళా బిషప్‌గా నియమించింది. బిషప్ కుర్చీలోనే ఆడమనిషి కూర్చోగలిగినప్పుడు ఊరి సంఘ కమిటీలో ఇద్దరు ఆడవాళ్ళకు చోటుండదా?

ఇక క్షమాపణ. ఇక్కడే చాలామంది తడబడతారు. క్షమించడం బాధపడినవాళ్ళ సొత్తు. వాళ్ళకు ఇష్టమైనప్పుడు, మనసొప్పితే ఇస్తారు, ఇవ్వకపోనూవచ్చు. దాన్ని పక్కవాళ్ళు అడిగి పుచ్చుకోకూడదు. క్షమించినా కేసు పోదు. అప్పు తీర్చమనడం పగ కానట్టే, న్యాయం అడగడమూ పగ కాదు. సంఘం ముందు నిలబెట్టి ఇద్దరి చేతా చేతులు కలిపించి ప్రార్థన చేసెయ్యడం కన్నా పెద్ద క్రూరత్వం లేదు.

మన వంతు

కేసు పెట్టిన ఇంటికి మొదటి వారం అందరూ వస్తారు. ఆరో నెలలో ఎవరూ రారు. కోర్టు వాయిదా ఉన్న రోజు ఆ తల్లి వంట చేసుకోలేదు, ఒక క్యారేజీ పంపండి. తోడుగా ఒకరు వెళ్ళండి. వాళ్ళ చిన్నపిల్లల్ని సాయంత్రం దాకా మీ ఇంట్లో ఉంచుకోండి. ఆ కుటుంబం ఆదివారం వస్తే ఎప్పట్లాగే పక్కన చోటివ్వండి, రాకపోతే ఎందుకు రాలేదని అడక్కండి. ఆ పిల్ల ముందు జాలిగా చూడకండి, ఎప్పటిలాగే జడ వెయ్యండి, చదువు అడగండి, నవ్వించండి. “పిల్ల పెళ్ళికి అడ్డం” అన్న మాట మీ నోట రానివ్వకండి. ఆ మాట ఎన్ని నోళ్ళు మూయించిందో లెక్కలేదు.

డాక్టరు, కౌన్సిలరు దగ్గరికి వెళ్ళడం విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, ఆ అన్నాయన కళ్ళద్దాలు ఎక్కడ చేయించుకున్నాడో అడగండి!

రావిర్యాల నుంచి వచ్చేరోజు పొద్దున ఆమె మళ్ళీ వచ్చింది, అరిసెల డబ్బాతో. నేను తటపటాయిస్తూ అడిగాను: “అప్పుడు మీ అమ్మ ఏమని ఉంటే బాగుండేది?” చాలాసేపు డబ్బా మూత సరిచేస్తూ నిలబడింది. “ఏమనకున్నా మంచిగుండె. దగ్గరికి తీస్కుంటె సాలు.” తర్వాత అంది: “నా బిడ్డకైతే చెప్పిన. ఎవరన్న ఏమన్న చేస్తె ముందు నాకు చెప్పు, నేనెవ్వరికి భయపడ అని. గిప్పుడు క్యారల్స్‌కు నేను గూడ పోతున్న దాని ఎంబడి.”

ఆ మాట విన్నాక మా స్నేహితురాలు, ఇంకో ముగ్గురు తల్లులు కూడా ఆ రాత్రి శాలువలు కప్పుకుని పిల్లల వెంట బయల్దేరారట. పాటలు రావు గనుక చప్పట్లు కొట్టారట.

అమ్మా, ఈ పేజీ చదివి పక్కన పెట్టే ముందు మీ పిల్లను ఒకసారి పిలవండి. కొడుకైనా, కూతురైనా. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. “నువ్వు ఏం చెప్పినా నేను ఊకో అనను” అని ఒక్కమాట చెప్పండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.